తత్త్వశాస్త్రం మధ్య గోడ ఎప్పుడు లేచింది?

తత్త్వశాస్త్ర చరిత్ర అన్న పేరుతో వచ్చే పుస్తకాల్లో చాలా వరకు ఒకే చోట మొదలవుతాయి: క్రీస్తు పూర్వం 6వ శతాబ్దం, మిలేటస్ రేవు పట్టణం, అన్నింటికీ మూలం నీరేనన్న థేలీస్. అక్కడి నుంచి సోక్రటీస్, ప్లేటో, అరిస్టాటిల్, చాలా కాలం తరవాత దెకార్త్, కాంట్. నైయాయికులు (న్యాయదర్శనాన్ని అనుసరించిన తార్కికులు), బౌద్ధులు, కన్ఫ్యూషియస్ అనుయాయులు ఏమన్నారో తెలుసుకోవాలంటే వేరే పుస్తకం తెరవాలి. దాని అట్ట మీద 'తూర్పు తత్త్వశాస్త్రం' అని ఉంటుంది. 2016 మే నెలలో జే గార్ఫీల్డ్, బ్రయన్ వాన్ నార్డెన్ అనే ఇద్దరు ఆచార్యులు న్యూయార్క్ టైమ్స్ పత్రికలో ఒక వ్యాసం రాశారు. పాశ్చాత్య ఆలోచనాపరులను మాత్రమే బోధించే విశ్వవిద్యాలయ విభాగాలు ఆ సంగతిని దాచకుండా 'యూరప్, అమెరికా తత్త్వశాస్త్ర విభాగం' అని పేరు మార్చుకోవాలని అందులో సూచించారు. దాని మీద పెద్ద దుమారమే లేచింది. తత్త్వశాస్త్రం గ్రీకులు మొదలుపెట్టిన పని, అందులో ఇతరులకు చోటెక్కడిది అని అడిగినవారు తక్కువేమీ కాదు. ఈ మాట అనాదిగా అందరూ ఒప్పుకున్నదని అనుకుంటాం. అది యూరప్‌లో స్థిరపడి ఇంకా రెండున్నర శతాబ్దాలు కూడా నిండలేదు.

గ్రీకు ప్రపంచంలోనే దీనిపై ఏకాభిప్రాయం లేదు. క్రీస్తు శకం 3వ శతాబ్దంలో తత్త్వవేత్తల జీవితాలను కూర్చిన డయోజినీస్ లాయర్షియస్ తన గ్రంథాన్ని ఈ వాదంతోనే ప్రారంభించాడు. పర్షియాలో మేజీలనే పూజారులు, బాబిలోనియాలో కాల్డియన్లనే జ్యోతిష పండితులు, భారతదేశంలో దిగంబర జ్ఞానులు తత్త్వచింతనకు ఆద్యులని కొందరు అంటున్నారని చెప్పి, ఆ కీర్తి గ్రీకులదేనని తన పక్షం వినిపించాడు. ఖండించవలసి వచ్చిందంటే, ఆ అభిప్రాయం అప్పటికే గట్టిగా వినబడుతూ ఉండాలి. సంశయవాదానికి ఆద్యుడైన పిర్రో అలెగ్జాండర్ సేన వెంట భారతదేశం దాకా వచ్చి ఇక్కడి జ్ఞానులను కలుసుకున్నాడని రాసింది కూడా ఆయనే.

ఇటువైపు నుంచి చూస్తే మిలిందపన్హ కనబడుతుంది. గ్రీకు రాజు మినాండర్, బౌద్ధ భిక్షువు నాగసేనుడు సాగల నగరంలో జరిపిన సంభాషణగా ఆ పాళీ గ్రంథం నడుస్తుంది. నాగసేనుడన్నది పిలుచుకోవడానికి పెట్టుకున్న పేరే గాని ఆ పేరు వెనక విడిగా వ్యక్తి ఎవరూ లేరని భిక్షువు అంటాడు. రాజు ఒప్పుకోడు. అప్పుడు నాగసేనుడు, తమరు ఎలా వచ్చారు అని అడుగుతాడు. రథం మీద. ఇరుసు రథమా? కాదు. చక్రాలా? కాదు. నొగ, కాడి? కావు. వీటన్నిటినీ వదిలేస్తే మిగిలేది రథమా? అదీ కాదు. మరి తమరు ఎక్కి వచ్చిన రథం ఏదీ? 1739లో స్కాట్లండ్ తత్త్వవేత్త డేవిడ్ హ్యూమ్ తనలోకి తాను తొంగి చూసుకుని, ఎప్పుడు చూసినా వేడో చలో, ప్రేమో ద్వేషమో తగులుతున్నాయి తప్ప 'నేను' విడిగా దొరకడం లేదని రాశాడు. వీటిని పక్కపక్కన పెట్టి చదివినప్పుడు కలిగే ఉత్కంఠను తత్త్వశాస్త్ర విద్యార్థులందరికీ మొదటి ఏడాదిలోనే అందించాలని నా కోరిక. రెండు అరల్లో రెండు పుస్తకాలు ఉంచితే అది జరగదు.

మధ్యయుగాల్లో ఈ దిక్కుల లెక్క మరీ తారుమారవుతుంది. 8వ శతాబ్దం నుంచి బాగ్దాద్‌లో అరిస్టాటిల్ గ్రంథాలు అరబ్బీలోకి వచ్చాయి. బుఖారా దగ్గర పుట్టిన ఇబ్న్ సీనా, స్పెయిన్‌లోని కోర్డోబాలో పుట్టిన ఇబ్న్ రుష్ద్ ఆ సంప్రదాయాన్ని ముందుకు నడిపారు. లాటిన్ పండితులకు అరిస్టాటిల్ మీద ఇబ్న్ రుష్ద్ వ్యాఖ్యలు ఎంత అవసరమయ్యాయంటే, థామస్ అక్వినాస్ ఆయనను పేరు పెట్టి పిలవకుండా 'వ్యాఖ్యాత' అనేవాడు. అరబ్బు ప్రపంచంలో కోర్డోబా వైపు ప్రాంతాన్ని మగ్రిబ్ అన్నారు. ఆ మాటకు అర్థం పడమర. పడమట పుట్టి, పడమటి గురువుకు భాష్యం రాసి, పడమటి విద్యార్థులను తయారుచేసిన మనిషిని చాలా పుస్తకాలు ఇప్పటికీ 'తూర్పు' అధ్యాయంలోనే కూర్చోబెడుతున్నాయి.

1687లో జెసూట్ మతగురువులు కన్ఫ్యూషియస్ బోధలను లాటిన్‌లో, పారిస్‌లో అచ్చువేసినప్పుడు, శీర్షికలోనే ఆయనను 'చైనా తత్త్వవేత్త' అన్నారు. అప్పటికి ఆ మాట ఎవరికీ ఎబ్బెట్టుగా తోచలేదు. జర్మన్ తత్త్వవేత్త లైబ్నిట్జ్ చైనా గురించి ఆసక్తిగా రాశాడు. 1721లో క్రిస్టియన్ వోల్ఫ్ హాలె విశ్వవిద్యాలయంలో ఉపన్యసిస్తూ, దైవ వచనం ఆధారం లేకుండానే చైనీయులు ఉన్నతమైన నీతిని సాధించారని మెచ్చుకున్నాడు. హాలెలోని మత పండితులకు ఇది మింగుడు పడలేదు. వారు రేపిన గొడవ ముదిరి, 1723లో ప్రష్యా రాజు వోల్ఫ్‌కు 48 గంటల గడువిచ్చాడు. ఆలోగా రాజ్యం విడిచి వెళ్లకపోతే ఉరి. వోల్ఫ్ వెళ్లిపోయాడు. కన్ఫ్యూషియస్ తత్త్వవేత్త అవునా కాదా అన్నది ఆ తగాదాలో ప్రశ్నే కాదు. ఆయన ఆలోచన మరీ ప్రమాదకరంగా కనిపించడమే అసలు చిక్కు.

మలుపు ఆ శతాబ్దం చివర్లో వచ్చింది. మనుషులను జాతులుగా విడదీసి హెచ్చుతగ్గులు కట్టిన క్రిస్టోఫ్ మైనర్స్ 1786లో రాసిన తత్త్వశాస్త్ర చరిత్రలో గ్రీసుకే పట్టం కట్టాడు. కాంట్ అనుయాయి టెన్నెమన్ 1798 నుంచి వెలువరించిన సంపుటాల చరిత్రకు కూడా గ్రీసే ప్రారంభం. హేతువు తనను తాను క్రమంగా తెలుసుకునే ప్రయాణమే తత్త్వచరిత్ర అని వీరి తరం నమ్మింది. అలాంటి ప్రయాణానికి ఒక మొదలు కావాలి, ఒక దారి కావాలి. దారికి పక్కనున్నవన్నీ ఉపోద్ఘాతానికి పరిమితమయ్యాయి. ఆ కూర్పుకు తుది రూపమిచ్చి, తరవాతి తరాలకు పాఠంగా మార్చినవాడు జర్మన్ తత్త్వవేత్త హేగెల్.

ఇక్కడే నాకు అత్యంత విచారం కలిగించే ఘట్టం ఉంది. 1823 నుంచి ఆంగ్ల సంస్కృత పండితుడు హెన్రీ కోల్‌బ్రూక్ లండన్‌లోని రాయల్ ఏషియాటిక్ సొసైటీలో భారతీయ దర్శనాలపై వ్యాసాలు చదివాడు. సాంఖ్యం, న్యాయం, వైశేషికం మూలగ్రంథాల ఆధారంగా యూరప్‌కు వివరంగా అందాయి. వాటిలో న్యాయశాస్త్రపు అనుమానం, అంటే కనబడినదాని నుంచి కనబడనిదాన్ని నిర్ణయించే పద్ధతి, ఇలా నడుస్తుంది: కొండ మీద నిప్పుంది. పొగ ఉంది గనుక. పొగ ఉన్నచోటల్లా నిప్పుంటుంది, వంటింట్లో లాగా. ఈ కొండ మీదా అటువంటి పొగే ఉంది. కాబట్టి నిప్పుంది. అరిస్టాటిల్‌కు మూడు వాక్యాలు చాలినప్పుడు వీరికి అయిదెందుకని యూరప్ విమర్శకులు పెదవి విరిచారు. ఆ అయిదూ ఎదుటివాడిని ఒప్పించే పరార్థానుమానానికి చెందినవని, తనకు తాను నిశ్చయించుకోవడానికి అవన్నీ అక్కరలేదని నైయాయికులు వందల ఏళ్ల ముందే చెప్పారు. అంతకన్నా ముందుకు కూడా వెళ్లారు. పొగ ఉంటే నిప్పుంటుంది, సరే. నిప్పుంటే పొగ ఉంటుందా? ఎర్రగా కాలిన ఇనుప గుండులో నిప్పుంది, పొగ లేదు. పొగ రావాలంటే తడి కట్టె ఉండాలి. మనం గమనించకుండా లోపల దాగి ఉండే ఇలాంటి షరతును వారు ఉపాధి అన్నారు. ఏ సాధారణ సూత్రం వెనక ఏ ఉపాధి దాగి ఉందో వెతకడం మీద తరతరాలు శ్రమించారు.

కోల్‌బ్రూక్ వ్యాసాలు హేగెల్‌కు అందాయి. భారతీయ తత్త్వశాస్త్రం గురించి నికరమైన సమాచారం దొరకడం ఇదే మొదటిసారని ఆయన తన ఉపన్యాసాల్లో ఒప్పుకున్నాడు కూడా. అయినా చట్రం మారలేదు. అసలైన తత్త్వశాస్త్రం గ్రీసులోనే మొదలైందన్నదే ఆయన మాట.

అటువైపు మెచ్చుకున్నవారి వల్ల కూడా మేలు తక్కువే జరిగింది. మొఘల్ యువరాజు దారా షికో 1657లో పారసీకంలోకి తెచ్చిన ఉపనిషత్తులు, 1801, 1802 సంవత్సరాల్లో ఫ్రెంచ్ పండితుడు ఆంకెతి దుపెరాన్ లాటిన్ అనువాదంగా వెలువడ్డాయి. అవి తన జీవితానికి ఓదార్పు అన్నాడు జర్మన్ తత్త్వవేత్త షోపెన్‌హావర్. ఆ మెప్పులోంచి ఒక పని విభజన పుట్టింది: తర్కం పడమరది, ఆత్మజ్ఞానం తూర్పుది. ఇందులో మనకు దక్కిన వాటా చూసి మనమూ మురిసిపోయాం. వాడుకలో ఎవరైనా నిర్లిప్తంగా మాట్లాడితే 'వేదాంతం చెబుతున్నాడు' అంటాం. 'న్యాయం చెబుతున్నాడు' అంటే ఎవరికీ న్యాయదర్శనానికి మూలమైన గౌతముడి సూత్రాలు గుర్తుకు రావు.

పాత సంగ్రహ గ్రంథాల్లో చిత్రం ఇంత ఇరుకుగా లేదు. 8వ శతాబ్దపు జైన పండితుడు హరిభద్రుడు లెక్కించిన ఆరు దర్శనాల్లో బౌద్ధం, జైనం ఉన్నాయి. ఆ పైన లోకాయతం, అంటే చార్వాకుల భౌతికవాదం, గురించి కూడా చెప్పాడు. 14వ శతాబ్దంలో మాధవాచార్యుడు చార్వాకులతో మొదలుపెట్టి అద్వైతం దాకా పదహారు దర్శనాలను వివరించాడు. ఈశ్వరుణ్ణీ పరలోకాన్నీ కొట్టిపారేసినవారి వాదాన్ని ముందుగా, ఓపికగా చెప్పిన తరవాతే తక్కిన వాటికి వెళ్లాడు. కౌటిల్యుడు ఆన్వీక్షికిని, అంటే హేతువుతో విచారించే విద్యను, అన్ని విద్యలకూ దీపమంటూ, సాంఖ్య యోగాలతో పాటు లోకాయతాన్నీ అందులో చేర్చాడు.

జపాన్‌లో ఇదే చిక్కు మరో రూపంలో వచ్చింది. 'ఫిలాసఫీ'కి సరిపడే మాట కోసం వెతికిన నిషి అమానె 1870ల్లో 'తెత్సుగకు' అన్న కొత్త పదాన్ని వాడుకలోకి తెచ్చాడు. అవే అక్షరాలను చైనావారు తీసుకుని 'జెష్యూ' అని చదువుకున్నారు. కొత్త పేరు రాగానే, కన్ఫ్యూషియస్, లావోజీ బోధించినవి ఆ పేరు కిందికి వస్తాయా అన్న ప్రశ్న తలెత్తింది. చైనా పండితులు దాన్ని ఈ శతాబ్దంలోనూ చర్చిస్తూనే ఉన్నారు.

గోడకు అవతలివారితో నేరుగా మాట్లాడాలన్న ప్రయత్నాల్లో నాకు ఎంతో ఇష్టమైనది 1983లో పుణేలో జరిగింది. భారతీయ తత్త్వశాస్త్రం అంటే కేవలం ఆధ్యాత్మికమన్న మాటను జీవితమంతా ఎదిరించిన తత్త్వవేత్త దయా కృష్ణ, ఎం.పి. రేగే తదితరులు సంప్రదాయ పండితులను, ఆధునిక ఆచార్యులను ఒకచోట కూర్చోబెట్టారు. బ్రిటిష్ తత్త్వవేత్త బెర్ట్రాండ్ రసెల్ ప్రతిపాదనల (వాక్యాలు తెలిపే విషయాల) సిద్ధాంతాన్ని సంస్కృతంలో పండితుల ముందుంచి, మీ శాస్త్రం ప్రకారం ఇది నిలుస్తుందా అని అడిగారు. పండితులు తమ పరిభాషలో జవాబిచ్చారు, ఆక్షేపించారు, ఎదురు ప్రశ్నలు వేశారు. ఈ సంవాదాల వరుసలోనే మహా నైయాయికుడు బదరీనాథ్ శుక్లా ముందుకు ఒక ప్రశ్న వచ్చింది: విడిగా ఆత్మ లేదని, దేహమే ఆత్మ అని అనుకుంటే న్యాయదర్శనం కూలిపోతుందా? ఆత్మ ఉందని నిరూపించడానికి శతాబ్దాలు వెచ్చించిన సంప్రదాయం ఆయనది. కూలిపోనక్కరలేదని ఆయన వాదించారు. న్యాయశాస్త్రపు సొంత సామగ్రితోనే, ఒక్కొక్క మెట్టూ కడుతూ.