అడ్డగీత, నిలువుగీత

మలక్‌పేటలో నా చిన్ననాటి స్నేహితుడొకడు పళ్ళ డాక్టరు. ఓ సాయంత్రం దవడపన్ను సలుపుతుంటే వాడి దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను. నాకంటే ముందు ఓ పదేళ్ళ పిల్లాడు కుర్చీ ఎక్కాడు. పక్కన తల్లి, ఆమె ఒళ్ళో మూడేళ్ళ ఆడపిల్ల, వెనక నానమ్మ. పిల్లాడి పళ్ళన్నీ గోధుమరంగుకు తిరిగి, అంచులు అరిగిపోయి ఉన్నాయి. ఇంకా ఊడని పాలపళ్ళూ అంతే, కొత్తగా వచ్చినవీ అంతే. మావాడు అడగకముందే నానమ్మ అందుకుంది: "గిది మా కోడలు తల్లిగారింటి నీళ్ళ గుణం సారూ. నల్లగొండ దిక్కు గంతేనాయె. తల్లి తాగిన నీళ్ళు బిడ్డకొచ్చినయ్."

కోడలు ఏమీ అనలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"బాబు ఎక్కడ పుట్టాడమ్మా?"

"ఈడనే సార్. పుట్టినకాడ్నుంచి కృష్ణా నీళ్ళే."

అప్పుడు మావాడు పిల్లాణ్ణి వదిలేసి, "మీరోసారి నోరు తెరవండమ్మా" అన్నాడు. ఆమె ముందుపళ్ళ మీద చారలున్నాయి. చిగురు నుంచి అంచుదాకా నిలువుగా. ఒక చార తెల్లగా నిగనిగలాడుతోంది, పక్కది గరుకుగా, మసకగా ఉంది, దాని పక్కన మళ్ళీ తెల్లది. "ఇది నీళ్ళ పని కాదు. నీళ్ళయితే అడ్డంగా గీస్తాయి" అన్నాడు మావాడు. నా పన్ను నొప్పి సంగతి నేను కాసేపు మరిచిపోయాను.

పంటి పైపొరని బడిపుస్తకాల్లో పింగాణీ అని చదువుకున్నాం. ఇప్పుడందరూ ఎనామిల్ అంటున్నారు. మన ఒంట్లో దీన్ని మించిన గట్టి పదార్థం లేదు. బరువులో 96 శాతం దాకా ఖనిజమే. దీన్ని కట్టే పద్ధతి అచ్చం మన మేస్త్రీలు స్లాబు పోసినట్టే ఉంటుంది. ముందు సెంట్రింగు కొట్టాలి. ఎమెలోబ్లాస్టులనే కణాలు చిగురు లోపలే వరుసగా నిలబడి ఒక మెత్తటి ప్రోటీన్‌ను వదులుతాయి. అందులో 90 శాతం దాకా ఎమెలోజెనిన్. ఈ జిగురు అచ్చులోనే కాల్షియం, ఫాస్ఫేట్ సన్నటి పొడవాటి స్ఫటికాలుగా పేరుకుంటాయి. ఎంఎంపి20 అనే ఎంజైము పని సాగుతుండగానే ప్రోటీన్‌ను ముక్కలు చేస్తుంటుంది, చివర్లో కెఎల్‌కె4 వచ్చి మిగిలిందంతా ఊడ్చేస్తుంది. సెంట్రింగు విప్పిన జాగాలోకి స్ఫటికాలు ఉబ్బి, ఒకదాన్నొకటి ఒరుసుకునేదాకా పెరుగుతాయి. పన్ను బయటికొచ్చేసరికి ఈ కూలీలెవరూ మిగలరు, ఆ కణాలన్నీ చచ్చిపోతాయి. విరిగిన ఎముక అతుక్కుంటుంది కానీ అరిగిన ఎనామిల్ మళ్ళీ పుట్టకపోవడానికి కారణం ఇదే.

ఏ జన్యువు చెడిందన్నదాన్ని బట్టి కట్టడం చెడే తీరు మారుతుంది. అచ్చుపోసే ప్రోటీన్ జన్యువుల్లో, అంటే ఎమెలోజెనిన్‌దో ఎనామెలిన్‌దో, తేడా వస్తే పొర పలచబడుతుంది, కొన్నిసార్లు పళ్ళ మధ్య సందులు పడతాయి. నాలుగో క్రోమోజోము మీది ఎనామెలిన్ జన్యువుకు రెండు ప్రతులుంటాయి కదా, ఒకటే చెడితే గుంటలతోనో సన్నగీతలతోనో సరిపోవచ్చు, రెండూ చెడితే పరిస్థితి తీవ్రం. అదే కెఎల్‌కె4 జన్యువు చెడితే పొర మందానికి లోటుండదు, సెంట్రింగు విప్పని స్లాబులా మెత్తగా ఉండి కొరకగానే పెళ్ళలూడుతుంది. వీటన్నిటికీ కలిపి వైద్యుల పేరు ఎమెలోజెనెసిస్ ఇంపర్‌ఫెక్టా. పేరు పలకడమే ఒక దంతసమస్య.

ఇక గీతల సంగతి. ఎనామిల్ పని పంటి కొన దగ్గర మొదలై చిగురు వైపు సాగుతుంది. రోజుకు సుమారు 4 మైక్రాన్ల మందం చొప్పున పొర మీద పొర. అంటే పంటి మీద కొన నుంచి చిగురుదాకా ఉన్నది నెలలూ సంవత్సరాలూ రాసుకున్న పట్టీ. శాశ్వత ముందుపళ్ళ పని పుట్టిన కొద్దినెలలకే మొదలై నాలుగైదేళ్ళదాకా నడుస్తుంది. ఆ రోజుల్లో పెద్ద జ్వరం వచ్చినా, నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువైనా ఆ వేళకు పనిలో ఉన్న కణాలన్నిటికీ ఒక్కసారే దెబ్బ తగులుతుంది. కాబట్టి మచ్చ అడ్డంగా పడుతుంది, కుడి పంటి మీదా ఎడమ పంటి మీదా ఒకే ఎత్తులో. ఫ్లోరైడు చేసే చెరుపు కూడా ఆ సెంట్రింగు దగ్గరే, లోపలి ప్రోటీన్ వేళకు తొలగకుండా ఆలస్యం చేస్తుంది. ఆ పొర చిల్లులు చిల్లులుగా మిగిలి, తర్వాత రంగు పీలుస్తుంది. పాలపళ్ళ పని చాలావరకు కడుపులో ఉండగానే అయిపోతుంది కాబట్టి వాటికి సాధారణంగా ఇంత నష్టం ఉండదు. పిల్లాడి పాలపళ్ళు చూడగానే మావాడికి అనుమానం వచ్చింది ఇందుకే.

నిలువుగీత కథ వేరు. ఎమెలోజెనిన్ జన్యువు ఉండేది ఎక్స్ క్రోమోజోము మీద. ఆడవాళ్ళకు రెండు ఎక్స్‌లు, కానీ ఒక్కో కణంలో ఒకటే పనిచేస్తుంది, రెండోది నిద్రపోతుంది. 1961లో జన్యుశాస్త్రవేత్త మేరీ లయన్ చుంచెలుకల బొచ్చు రంగు చూసి చెప్పిన సంగతి ఇది. ఏది నిద్రపోవాలన్నది పిండం గింజంత కూడా లేనప్పుడే, చీట్లు వేసినట్టుగా, తేలిపోతుంది. ఆ తర్వాత ఆ కణానికి పుట్టిన సంతానమంతా అదే ఎంపికకు కట్టుబడుతుంది. పన్ను కట్టే కణాల్లో ఒక వంశం మంచి ఎక్స్‌ది, పక్క వంశం చెడినదాన్ది. ఎవరి పట్టీలో వాళ్ళు పనిచేసుకుంటూ పోతే పంటి మీద నిలువు చారలు తేలతాయి. నలుపూ నారింజా మచ్చలున్న పిల్లుల్లో ఎక్కువ ఆడవే అవడానికీ ఇదే కారణం. కొడుక్కి తల్లి ఇచ్చిన ఎక్స్ ఒక్కటే దిక్కు. చారల్లేవు, పన్నంతా ఒకే తీరు.

"మీ అన్నదమ్ములెవరికైనా ఇట్లా ఉందా?" అని మావాడు అడిగాడు.

"మా అన్నకుంది సార్. ఊర్ల అందరియి గారపండ్లే అనుకున్నం."

అందరి పళ్ళూ గారపట్టిన ఊళ్ళో ఒక్కడివి వేరే కారణంతో చెడితే ఎవరికి తెలుస్తుంది? "అంటే మేనమామ పోలికన్నట్టు" అంది నానమ్మ. ఎక్స్ మీది జన్యువుల విషయంలో ఆ మాట అక్షరాలా నిజం. మేనమామకూ మేనల్లుడికీ ఉన్న ఈ లంకె తండ్రీకొడుకుల మధ్య ఉండదు. ఈ జబ్బున్న తండ్రి దాన్ని కూతుళ్ళందరికీ ఇస్తాడు, ఏ కొడుక్కీ ఇవ్వలేడు. తల్లి నుంచి బిడ్డకొచ్చిందన్న మాట వరకు నానమ్మ లెక్క తప్పలేదు. నీళ్ళ మీదే నేరం మోపింది.

మగవాళ్ళ వై క్రోమోజోము మీద కూడా ఎమెలోజెనిన్‌కు ఒక ప్రతి ఉంది. అది ఆదుకోదా? తయారయ్యే ప్రోటీన్‌లో దాని వాటా పదోవంతు, ఆదుకోలేదు. కానీ పోలీసులకు అక్కరకొచ్చింది. ఎక్స్ మీది ప్రతిలో ఒకచోట 6 డీఎన్ఏ అక్షరాలు తక్కువ. రక్తపు మరక నుంచి ఆ ముక్క తీసి కొలిస్తే ఆడవారికి 106 అక్షరాల ముక్క ఒకటే, మగవారికి 106, 112 రెండూ. ఈ పరీక్షను ప్రపంచమంతా నమ్ముకుని ఉండగా, 2002లో మన హబ్సిగూడలోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ నుంచి లాల్జీ సింగ్, తంగరాజ్ బృందం ఒక వార్త చెప్పింది. 270 మంది భారతీయ పురుషులను పరీక్షిస్తే 5 మందికి ఆ వై ముక్క లేనే లేదు. పరీక్ష ప్రకారం వాళ్ళు ఆడవాళ్ళు! నేరస్థలంలో అలాంటి మనిషి రక్తం దొరికితే దర్యాప్తు తప్పుదారి పట్టడం ఖాయం. అందుకే వై మీది ఇంకో గుర్తును కూడా చూడాలని వాళ్ళు సూచించారు. పంటి జన్యువు చివరికి కోర్టు మెట్లెక్కింది.

వాడకపోతే ఈ జన్యువులు పాడుబడిపోతాయి కూడా. నల్లమల అడవిలో చీమలూ చెదలూ తిని బతికే అలుగుకు పళ్ళుండవు. దాని జన్యురాశిలో ఎనామెలిన్ జన్యువు మాత్రం కూలిన ఇంటి మొండిగోడలా ఇంకా ఉంది. కోడిలో ఎమెలోజెనిన్‌దీ అదే గతి.

నీళ్ళనూ జన్యువులనూ మరీ వేరుచేసి చూడలేం. ఒకే ఫ్లోరైడు నీళ్ళు తాగించినా ఎలుకల్లో కొన్ని జాతుల పళ్ళు బాగా చెడతాయి, కొన్నిటికి దాదాపు ఏమీ కాదు. ఒకే చేదబావి నీళ్ళు తాగిన అన్నదమ్ముల పళ్ళు ఒకేలా ఉండకపోవడంలో ఇలాంటి కారణం ఉన్నా నాకేం ఆశ్చర్యం లేదు.

పిల్లాడికి చేయగలిగింది పైపూతే. ఇప్పటికి పూత పూసి, పెద్దయ్యాక తొడుగులు వేయాలి. వాడి నోట్లో ఎనామిల్ కట్టే కణాలు ఇంకా పనిలో ఉన్నది వెనక మూలల్లో, ముఖ్యంగా జ్ఞానదంతాల దగ్గర. వాటికిచ్చిన ప్లానే తప్పు.

తల్లి లేవబోతూ ఆగి, ఒళ్ళోని పిల్లను చూపించి, "దీనికి గూడ వస్తదా సార్?" అంది. రెండింట ఒక వంతు అవకాశం ఉందన్నాడు మావాడు. పిల్లను కుర్చీలో కూర్చోబెట్టి, చిన్న టార్చి వేసి, ఇరవై పాలపళ్ళూ ఒక్కొక్కటే తుడిచి చూశాడు. పిల్ల వాడి వేలు కొరికింది. నిలువుగా ఒక్క చారా కనపడలేదు.