మొదటి డెస్క్‌టాప్ సొంతంగా బిగించుకుంటున్నారా? అపోహలు - వాస్తవాలు

సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ అంటే తెలియని కంప్యూటర్ మనిషి ఉండడు. ఆ చుట్టుపక్కలే పదిహేనేళ్లుగా సిస్టమ్‌లు బిగిస్తున్నాను. కాలేజీలు తెరిచే రోజుల్లో సూర్యాపేట నుంచి, మహబూబ్‌నగర్ నుంచి తండ్రీకొడుకులు బస్సు దిగి నేరుగా వచ్చేస్తారు. అబ్బాయి ఫోన్‌లో పార్టుల లిస్టు ఉంటుంది. నాన్న జేబులో లెక్కపెట్టి తెచ్చిన డబ్బు ఉంటుంది. ఆ డబ్బు వెనక ఎన్ని నెలల కష్టం ఉందో ఆయన ముఖం చూస్తే తెలుస్తుంది. అందుకే లిస్టు చూడగానే బిల్లు కొట్టడం నా వల్ల కాదు. ముందు ఒక ప్రశ్న అడుగుతాను: ఇందులో రెండేళ్ల తర్వాత తేలిగ్గా మార్చుకోగలిగేవి ఏవి, మార్చలేనివి ఏవి?

ర్యామ్ తర్వాత జోడించుకోవచ్చు. గ్రాఫిక్స్ కార్డు వచ్చే సంవత్సరం కొనుక్కోవచ్చు. మదర్‌బోర్డు మార్చాలంటే మాత్రం మొత్తం విప్పాలి, ఒక్కోసారి ప్రాసెసర్, ర్యామ్ కూడా మార్చాలి. ఎస్‌ఎంపీఎస్ (సిస్టమ్‌కు కరెంటు అందించే పవర్ సప్లై డబ్బా) నాసిరకమైతే అది పోయేటప్పుడు పక్కవాటిని కూడా తీసుకుపోవచ్చు. కాబట్టి బడ్జెట్ తక్కువైనప్పుడు, తర్వాత మార్చడం కష్టమైన వాటి మీదే ముందు డబ్బు పెట్టాలి. నా దగ్గరకు వచ్చే లిస్టుల్లో ఎక్కువగా దీనికి ఎదురు జరుగుతుంది. దాని వెనక ఉన్న అపోహలు ఇవి.

అపోహ: ఇంటెల్ ప్రాసెసర్లలో ఐ7 అంటే ఐ7నే. ఐ3 కంటే ఎప్పుడూ మేలు.

ఎక్కడైనా బాగా తక్కువ ధరకు ఐ7 సిస్టమ్ కనిపిస్తే, ఇంత తక్కువకు ఎలా వస్తోందని ఒక్కసారి ఆగి అడగండి. ఆ ధరకు వచ్చేవి సాధారణంగా ఐ7-2600 గానీ ఐ7-3770 గానీ అయి ఉంటాయి. మొదటిది 2011లో, రెండోది 2012లో వచ్చింది. పాత ఆఫీసు కంప్యూటర్ల నుంచి తీసిన ఆ ప్రాసెసర్‌ను, పేరు పెద్దగా తెలియని కంపెనీ హెచ్61 బోర్డు (ఆ కాలపు ప్రాసెసర్లకు సరిపోయే మదర్‌బోర్డు) మీద పెట్టి, రంగురంగుల లైట్ల క్యాబినెట్‌లో బిగించి "ఐ7 గేమింగ్ పీసీ" అని అమ్ముతారు.

వాస్తవం ఏమిటంటే 2022లో వచ్చిన ఐ3-12100కి కూడా ఐ7-3770 లాగే 4 కోర్లు (లెక్కలు చేసే భాగాలు), 8 థ్రెడ్లు (ఒకేసారి నడపగలిగే పనులు) ఉన్నాయి. ఒక్కో కోరు చేసే పని మాత్రం చాలా ఎక్కువ. పైగా విండోస్ 11కి ఇంటెల్‌లో 8వ తరం లేదా ఆ పైన ఉండాలని మైక్రోసాఫ్ట్ షరతు. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. చదువుకునే పిల్లకు నాలుగేళ్లు పనికి రావాలని కొనే యంత్రం, కొన్న రోజే ఆ గీతకు అవతల ఉండకూడదు.

ఐ తర్వాత వచ్చే అంకె కాదు, దాని పక్కనున్న నాలుగైదు అంకెలు చూడండి. 12100లో మొదటి 12 తరాన్ని చెబుతుంది. 3770లో మొదటి 3 తరాన్ని చెబుతుంది.

సెకండ్ హ్యాండ్ మొత్తం చెడ్డదని నేను అనను. 8వ తరం లేదా ఆ తర్వాతి ఆఫీసు డెస్క్‌టాప్ మంచి స్థితిలో దొరికితే ఎక్సెల్, ట్యాలీ, ఆన్‌లైన్ క్లాసులకు హాయిగా సరిపోతుంది. కానీ బ్రాండెడ్ ఆఫీసు డెస్క్‌టాప్‌లలో చాలావాటికి ఎస్‌ఎంపీఎస్ కనెక్టర్లు వాటి సొంత కొలతల్లో ఉంటాయి. బయట దొరికే మామూలు ఎస్‌ఎంపీఎస్ అందులో పట్టదు. తర్వాత పెద్ద గ్రాఫిక్స్ కార్డు వేద్దామనుకుంటే అక్కడే ఆగిపోతారు.

అపోహ: 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు ఉంటే ఏ గేమైనా ఆడుతుంది.

ఇది నన్ను బాగా బాధపెట్టే అపోహ, ఎందుకంటే దీనితో నష్టపోయేది బాగా తక్కువ డబ్బుతో వచ్చేవాళ్లే. జీటీ 730 అనే కార్డు 2014 నాటిది. ఇప్పటికీ డబ్బాలో కొత్తగా దొరుకుతుంది. డబ్బా మీద పెద్దగా 4 జీబీ అని ఉంటుంది. దానికి కొత్త డ్రైవర్లు రావడం కూడా ఆగిపోయింది.

జీబీ అనేది గోడౌన్ ఎంత పెద్దదో మాత్రమే చెబుతుంది. సరుకు ఎంత వేగంగా లోపలికీ బయటికీ వెళ్తుందో చెప్పదు. జీటీ 730లో 64 బిట్ డీడీఆర్3 (పాత తరం మెమరీ) రకానికి మెమరీ వేగం సెకనుకు సుమారు 14 జీబీ. రెండు డీడీఆర్4-3200 ర్యామ్‌లు జంటగా వేసిన మామూలు సిస్టమ్‌లో ఆ వేగం 51 జీబీ. అంటే ఏఎండీ కంపెనీ రైజెన్ 5 5600జి లాంటి ప్రాసెసర్‌లోనే వచ్చే ఆన్‌బోర్డ్ గ్రాఫిక్స్, ఆ కార్డును దాటిపోతుంది. కార్డుకు పెట్టే డబ్బును పక్కన పెట్టి, ముందు ఆన్‌బోర్డ్‌తో నడిపించండి. డబ్బు కూడాక ఆర్‌ఎక్స్ 6600 స్థాయి కార్డు వేసుకోండి.

అపోహ: ప్రాసెసర్ పేరు చివరి అక్షరం కంపెనీ గుర్తు, పట్టించుకోనక్కర్లేదు.

ఒక కుర్రాడు పార్టులన్నీ ఆన్‌లైన్‌లో తెప్పించుకుని ఇంట్లో చక్కగా బిగించుకున్నాడు. వైర్లు కూడా ముచ్చటగా కట్టాడు. స్విచ్ వేస్తే ఫ్యాన్లు తిరుగుతున్నాయి, మానిటర్ మాత్రం నల్లగా ఉంది. మూడు రోజులు అదే టెన్షన్‌తో నిద్రపోలేదట. ఆటోలో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. చూస్తే ఐ5-12400ఎఫ్. గ్రాఫిక్స్ కార్డు లేదు.

ఇంటెల్‌లో చివర ఎఫ్ ఉంటే లోపల గ్రాఫిక్స్ ఉండదు. బోర్డు మీద హెచ్‌డీఎంఐ పోర్టు ఉన్నా దానిలోంచి బొమ్మ రాదు. ఏఎండీ ఏఎం4 (ఆ కంపెనీ పాత తరం సాకెట్) ప్రాసెసర్లలో లెక్క మరోలా ఉంటుంది: 5600కి గ్రాఫిక్స్ లేదు, 5600జికి ఉంది. తర్వాతి రైజెన్ 7000 శ్రేణిలో ఎఫ్ లేనివాటికి చిన్న గ్రాఫిక్స్ ఉంటుంది. కార్డు వెంటనే కొనేవాళ్లకు ఎఫ్ రకం తీసుకుంటే కొంత డబ్బు మిగులుతుంది. మిగతావాళ్లు దాని జోలికి పోవద్దు.

అపోహ: క్యాబినెట్‌తో పాటు వచ్చే ఎస్‌ఎంపీఎస్ చాలు. దాని మీద 450 వాట్లు అని రాసే ఉంది కదా.

పెద్ద అక్షరాల్లో రాసిన 450ని వదిలేసి పక్కనున్న చిన్న పట్టిక చదవండి. ఇప్పటి ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు దాదాపు మొత్తం 12 వోల్టుల లైను మీదే బతుకుతాయి. ఆ లైను దగ్గర 16 ఆంపియర్లు అని ఉంటే, 12ని 16తో గుణించండి. 192 వాట్లు. మీకు నిజంగా అందేది అంతే.

ఇప్పుడు అవసరం లెక్క వేద్దాం. ఐ5-12400 గరిష్ఠంగా 117 వాట్లు తీసుకుంటుంది. ఆర్‌ఎక్స్ 6600 కార్డు 132 వాట్లు. బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని స్టోరేజీ), ఫ్యాన్లకు ఓ 50 వేసుకుంటే మొత్తం 300 దగ్గరకు వస్తుంది. పేరున్న కంపెనీ 450 లేదా 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ దీన్ని చెమట పట్టకుండా మోస్తుంది. ఆ 192 వాట్ల డబ్బా మాత్రం గేమ్ మొదలైన పది నిమిషాలకు ఆగిపోతుంది, లేదా ఇంకా ఘోరంగా, ఆగకుండా వేడెక్కుతూ ఉంటుంది.

ఎస్‌ఎంపీఎస్ డబ్బాల మీద కనిపించే 80 ప్లస్ బ్రాంజ్ ముద్ర గురించి కూడా ఒక మాట. సగం లోడు మీద కనీసం 85 శాతం కరెంటు వృథా కాకుండా లోపలికి వెళ్తుందని ఆ ముద్ర అర్థం. అది పొదుపు గురించి చెబుతుంది. షార్ట్ సర్క్యూట్ అయితే ఆపుతుందా, వోల్టేజీ పెరిగితే కాపాడుతుందా అన్నది చెప్పదు. అందుకే ముద్రతో పాటు వారంటీ చూడండి. 5 ఏళ్లు ఇచ్చే కంపెనీకి తన వస్తువు మీద నమ్మకం ఉన్నట్టే.

దీనికి తోడుగా మరో భయం ఉంది, 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ పెడితే కరెంటు బిల్లు పెరుగుతుందని. పెరగదు. 550 అనేది ఇవ్వగలిగిన గరిష్ఠం. సిస్టమ్ 100 వాట్లు అడిగితే దానికి తగ్గట్టే గోడ నుంచి తీసుకుంటుంది.

అపోహ: క్యాబినెట్ ముట్టుకుంటే జిల్లుమంటోంది, అంటే ఎస్‌ఎంపీఎస్ పాడైంది.

దీని కోసం మంచి ఎస్‌ఎంపీఎస్‌లు వెనక్కి తెచ్చి మార్చమన్నవాళ్లు ఎంతోమంది. ఎక్కువ సార్లు తప్పు ఇంటి వైరింగ్‌లో ఉంటుంది. ఎస్‌ఎంపీఎస్ లోపల కరెంటు గందరగోళాన్ని వడకట్టే చిన్న కెపాసిటర్లు ఫేజ్ నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి బాడీకి కలిసి ఉంటాయి. ఎర్త్ సరిగ్గా ఉంటే ఆ కొంచెం లీకేజీ భూమిలోకి పోతుంది. ఎర్త్ లేకపోతే బాడీ మీద 230లో సగం, అంటే సుమారు 115 వోల్టులు నిలబడతాయి. కరెంటు చాలా తక్కువ కాబట్టి మనకు జిల్లుమంటుంది అంతే. కానీ పెన్‌డ్రైవ్, ప్రింటర్ కేబుల్ పెట్టేటప్పుడు ఆ తేడా పోర్టులను దెబ్బతీయగలదు.

మన ఊళ్లలో పాత ఇళ్లకు మూడు రంధ్రాల సాకెట్ ఉంటుంది, మూడో రంధ్రం వెనక వైరే ఉండదు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి చూపించండి. కొందరు తేలిక మార్గంగా ఎర్త్ పిన్నును న్యూట్రల్‌కి కలిపేస్తారు. దయచేసి ఒప్పుకోకండి. ఏ రోజైనా న్యూట్రల్ వైరు తెగితే మొత్తం 230 వోల్టులు క్యాబినెట్ బాడీ మీదకు వస్తాయి. ఇంట్లో చిన్నపిల్లలు ఉంటారు. ఎర్త్ గుంట ఖర్చును కంప్యూటర్ బడ్జెట్‌లోనే కలపమని నేను ప్రతి ఒక్కరికీ చెబుతాను. ఇది ఏ ప్రాసెసర్ కంటే కూడా ముఖ్యం.

అపోహ: 16 జీబీ ఒక్క ర్యామ్ అయినా, 8 జీబీవి రెండు అయినా ఒకటే.

ఆన్‌బోర్డ్ గ్రాఫిక్స్ మీద నడిపేవాళ్లకు ఒకటి కాదు. ఇందాకటి 51 జీబీ వేగం రెండు ర్యామ్‌లు ఉంటేనే. ఒక్కటే ఉంటే 25.6కి పడిపోతుంది, గేమ్‌లో ఆ తేడా కళ్లకు కనిపిస్తుంది. విడిగా మంచి గ్రాఫిక్స్ కార్డు వేసుకున్నవాళ్లకు తేడా ఇంత ఉండదు. వాళ్లు ఒక్క 16 జీబీ తీసుకుని రెండో స్లాటు ఖాళీగా ఉంచుకోవడం కూడా తెలివైన పనే. 2025 చివర్లో ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి కాబట్టి ఈ నిర్ణయం ఇప్పుడు ఇంకా జాగ్రత్తగా తీసుకోవాలి. నాలుగు స్లాట్ల బోర్డులో రెండే వేస్తుంటే, సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి రెండోది, నాలుగోది వాడాలి. బోర్డు పుస్తకంలో బొమ్మ ఉంటుంది. డీడీఆర్4 బోర్డులో డీడీఆర్5 ర్యామ్ పట్టదు, గాడి వేరే చోట ఉంటుంది. బలవంతంగా నొక్కవద్దు.

అపోహ: 256 జీబీ ఎస్‌ఎస్‌డీ కంటే 1 టీబీ హార్డ్ డిస్క్ లాభం.

నిమిషానికి 7200 సార్లు తిరిగే డిస్క్ సగం చుట్టు తిరగడానికి 4 మిల్లీసెకన్లు పడుతుంది, సూది కదలడానికి ఇంకా ఎక్కువ. అందుకే చెల్లాచెదురుగా ఉన్న చిన్న ఫైళ్లను సెకనుకు వంద చదవడానికే అది ఆయాసపడుతుంది. ఎస్‌ఎస్‌డీ వేలల్లో చదువుతుంది. విండోస్‌కు ఎస్‌ఎస్‌డీ తప్పనిసరి. డిస్క్ తర్వాత జోడించుకోండి.

అపోహ: మన ఎండలకు వాటర్ కూలింగ్ లేకపోతే కాలిపోతుంది.

రామగుండం నుంచి వచ్చినవాళ్లు ఇది ఎక్కువగా అడుగుతారు, అక్కడి మే నెల ఎండ తెలిసినవాళ్లు కాబట్టి. ఐ3-12100, ఐ5-12400 లాంటివాటికి బాక్సులో వచ్చే కూలరే సరిపోతుంది. వాటి గరిష్ఠ హద్దు 100 డిగ్రీలు. గది 10 డిగ్రీలు వేడెక్కితే ప్రాసెసర్ కూడా దాదాపు అంతే పెరుగుతుంది, అయినా చోటు మిగులుతుంది. నీళ్లు చుట్టూ తిరిగినా చివరికి వేడిని వదిలేది అదే గదిలోకి. ఆ డబ్బుతో ముందు భాగం జల్లెడలా ఉన్న క్యాబినెట్ కొనండి. ముందంతా మూసిన గాజు క్యాబినెట్ అందంగా ఉంటుంది, గాలి మాత్రం ఆడదు. మూడు నెలలకోసారి దుమ్ము దులపండి. వెనక కార్డు స్లాట్ల ఖాళీలను మూసి ఉంచండి. బల్లి దూరి బోర్డు షార్ట్ అయిన సిస్టమ్‌లు నా చేతుల్లోంచే వెళ్లాయి.

అపోహ: బిల్లు లేకుండా తీసుకుంటే 18 శాతం జీఎస్‌టీ మిగులుతుంది.

మిగిలేది ఈ రోజు మాత్రమే. మదర్‌బోర్డుకు, గ్రాఫిక్స్ కార్డుకు చాలా కంపెనీలు 3 ఏళ్ల వారంటీ ఇస్తాయి. రెండో ఏడు బోర్డు పోతే సర్వీస్ సెంటర్ అడిగేది జీఎస్‌టీ బిల్లునే. సీరియల్ నంబర్లు బిల్లు మీద రాయించుకోండి. బాక్సులు పారేయకండి.

అపోహ: ఇంట్లో బిగించడం ఇంజినీర్ల పని.

ఒక స్టార్ స్క్రూడ్రైవర్, రెండు గంటల ఓపిక చాలు. మొదలుపెట్టే ముందు కిటికీ ఇనుప కడ్డీనో, ఏదైనా పెద్ద లోహపు వస్తువునో ముట్టుకోండి, ఒంటి మీద స్టాటిక్ పోతుంది. జాగ్రత్త అవసరమైన చోట్లు కొన్నే. ఎల్‌జీఏ 1700 (ఐ3-12100, ఐ5-12400 కూర్చునే రకం) బోర్డు సాకెట్‌లో సన్నటి పిన్నులు ఉంటాయి, వేలు తగిలితే వంగుతాయి, వంగిన పిన్నుకు వారంటీ రాదు. కూలర్ అడుగున ప్లాస్టిక్ కవరు ఉంటే తీయడం మరవకండి. ఏఎం4లో కూలర్ తీయాల్సి వస్తే నేరుగా లాగకండి, మధ్యలో వేడిని దాటించడానికి పూసిన పేస్టు అంటుకుని ప్రాసెసర్ కూడా ఊడి వస్తుంది. కాసేపు నడిపి వేడెక్కాక స్విచ్ ఆపి, ప్లగ్ తీసి, మెల్లగా అటూ ఇటూ తిప్పి తీయండి.

ఏఎం5 (ఏఎండీలో ఏఎం4 తర్వాతి సాకెట్) బోర్డు మీద డీడీఆర్5 ర్యామ్‌తో మొదటిసారి ఆన్ చేసినప్పుడు కొన్ని నిమిషాలు తెర నల్లగానే ఉండొచ్చు. బోర్డు ర్యామ్‌ను పరీక్షించుకుంటూ ఉంటుంది. కంగారుపడి స్విచ్ ఆపేయకుండా టీ తాగి రండి. వచ్చేసరికి చాలాసార్లు బయోస్ (బోర్డు సెట్టింగుల) తెర కనిపిస్తుంది.