ప్రాంతీయ విమాన మార్గాలు: పటం మీది దూరానికీ టికెట్టు మీది సమయానికీ మధ్య వందేళ్ల కథ

రెండు ప్రాంతీయ విమానాశ్రయాల మధ్య దూరం 300 కిలోమీటర్లు అనుకుంటే, గంటకు 500 కిలోమీటర్ల వేగంతో వెళ్లే టర్బోప్రాప్ (టర్బైన్ ఇంజన్‌తో పంకాలు తిప్పే) విమానానికి 36 నిమిషాలు చాలునని లెక్క చెబుతుంది. టికెట్టు మీద మాత్రం గంటో, అంతకన్నా ఎక్కువో ఉంటుంది. ఆ అదనపు నిమిషాలకు విమానయాన చరిత్రలో గట్టి కారణాలే ఉన్నాయి.

పటాలు చూపే దూరం అక్షాంశ రేఖాంశాల నుంచి గణించినది; భూగోళం మీద రెండు చోట్లను కలిపే మహావృత్తపు (భూకేంద్రమే తన కేంద్రంగా గల వృత్తపు) చాపమే అతి దగ్గరి దారి. విమానయానం దాన్ని కొలిచే నాటికల్ మైలును 1929లో మొనాకోలో జరిగిన అంతర్జాతీయ సమావేశం 1,852 మీటర్లుగా స్థిరపరచింది.

అయితే విమానాలు మొదటినుంచీ కనిపించే గుర్తులను, ఆ తరువాత వినిపించే సంకేతాలను పట్టుకునే ప్రయాణించాయి. 1920లలో అమెరికాలో టపా విమానాలు రాత్రిపూట నేల మీద వరుసగా నిలిపిన దీపస్తంభాలను చూసుకుంటూ వెళ్లేవి. రెండో ప్రపంచ యుద్ధం తరువాత విమానానికి దిశను తెలిపే వీఓఆర్ రేడియో కేంద్రాలు వ్యాపించడంతో, గగన మార్గాలు ఒక కేంద్రం నుంచి మరో కేంద్రానికి వంకరలు తిరుగుతూ ఏర్పడ్డాయి. 1956 జూన్ 30న గ్రాండ్ కాన్యన్ మీద రెండు విమానాలు ఢీకొని 128 మంది మరణించాక, పైలట్లు తమ ఇష్టానుసారం దారి ఎంచుకునే స్వేచ్ఛ తగ్గి, నేల మీది నియంత్రణ బలపడింది. దారి కొంత పెరిగినా, ఆ పెరిగిన దూరం ప్రాణాలను కాపాడేదే కనుక దాన్ని వృథా అనడం అన్యాయం. ఉపగ్రహ సంకేతాల సాయంతో ఈనాడు తిన్నని మార్గాలు సాధ్యమవుతున్నా, సైనిక నిషేధిత గగనతలాలను తప్పించుకోవడం, గాలికి ఎదురుగా దిగేందుకు రన్‌వే చుట్టూ తిరిగి రావడం తప్పలేదు.

దూరం తక్కువైనకొద్దీ ఈ భారం ఎక్కువగా తెలుస్తుంది. విమానం రన్‌వే దాకా నేల మీద కదిలే సమయం, పైకెక్కే సమయం, వేగం తగ్గించుకుంటూ దిగే సమయం 300 కిలోమీటర్లకైనా 1,500 కిలోమీటర్లకైనా ఇంచుమించు అంతే. అందుకే చిన్న మార్గాలలో జెట్ విమానం మిగిల్చేది కొద్ది నిమిషాలే. 1973 చమురు సంక్షోభం తరువాత ఇంధనం పొదుపు చేసే టర్బోప్రాప్‌లకు మళ్లీ ఆదరణ రావడానికి ఇదొక ముఖ్య కారణం. ఆ కోవకు చెందిన విమానాల్లో ఏటీఆర్ 42 మొదటిసారి ఎగిరింది 1984లో, ఏటీఆర్ 72 ఎగిరింది 1988లో.

టికెట్టు మీది సమయం వాస్తవానికి బ్లాక్ టైమ్, అంటే విమానం నిలిచిన చోటునుంచి కదిలినది మొదలు గమ్యంలో ఆగేదాకా పట్టే కాలం. 1987లో అమెరికా రవాణా శాఖ పెద్ద విమాన సంస్థల సమయపాలన లెక్కలను ప్రకటించడం మొదలుపెట్టి, 15 నిమిషాల లోపు ఆలస్యాన్ని సకాలంగానే పరిగణించింది. ఆ లెక్కల్లో మంచి పేరు కోసం సంస్థలు షెడ్యూలులో మరికొన్ని నిమిషాలు కలిపే అలవాటు బలపడింది. గగనంలో గడిపే సమయాన్నీ బ్లాక్ టైమ్‌నూ విడివిడిగా ముద్రిస్తే ప్రయాణికుడికి ఎంతో మేలు. గంటకు 50 కిలోమీటర్ల ఎదురుగాలి వీస్తే పై 36 నిమిషాలు 40 అవుతాయి, అదే గాలి వెనుకనుంచి తోస్తే 33కు దిగుతాయి. ఒకే మార్గానికి రానూ పోనూ వేర్వేరు సమయాలు కనిపించడానికి ఇదీ ఒక కారణం.