పుట్టి రాలిపోయే నాడీకణాలు: చంపేది ఎవరు?

పిండంలో వెన్నుపాము తయారయ్యేటప్పుడు అవసరానికి మించి నాడీకణాలు పుడతాయి. కోడిపిండంలో కండరాలను కదిలించే నాడీకణాల్లో దాదాపు సగం, పిల్ల గుడ్డులోంచి బయటికి రాకముందే చచ్చిపోతాయి. జబ్బు లేదు, దెబ్బ లేదు. మరి చంపేదెవరు?

1934లో పిండాలపై పరిశోధన చేసే విక్టర్ హాంబర్గర్ కోడిపిండంలో రెక్క మొలకను కోసేసి చూశారు. వెన్నుపాములో ఆ వైపు నాడీకణాలు తగ్గిపోయాయి. రెక్క నుంచి పిలుపు అందక అవి తయారే కాలేదని ఆయన అనుకున్నారు. ఇటలీలో రీటా లెవీ-మాంటల్చీనికి ఆ మాట నమ్మబుద్ధి కాలేదు. ఆమె యూదురాలు. ముస్సోలినీ జాతి చట్టాల వల్ల యూనివర్సిటీ తలుపులు మూసుకుపోవడంతో ట్యూరిన్‌లో పడకగదినే ల్యాబ్‌గా మార్చుకున్నారు. కుట్టుసూదులను సానబట్టి కత్తులుగా వాడారు. కణాలు పుడుతున్నాయి, పెరుగుతున్నాయి, ఆ తర్వాతే చస్తున్నాయని తేల్చారు. 1947లో హాంబర్గరే ఆమెను అమెరికాలోని సెయింట్ లూయిస్‌కు పిలిపించుకున్నారు. తన లెక్క తప్పన్న మనిషిని పిలిచి పక్కన కుర్చీ వేయడం ఏ కాలంలోనైనా అరుదే. నాడీకణాలను బతికించే నాడీవృద్ధి కారకం అక్కడే బయటపడింది. దానికి 1986లో ఆమెకు నోబెల్ వచ్చింది.

దాంతో, ఆ కారకం అందని కణాలది ఆకలిచావు అనే అందరూ అనుకున్నారు. 1988లో అదే సెయింట్ లూయిస్‌లో ఒక తిరకాసు కనిపించింది. ఆ కారకం అందని నాడీకణాల్లో కొత్త ప్రోటీన్ల తయారీని ఆపేస్తే, అవి చావలేదు! అంటే చావడానికి కూడా కణం ఏదో పని చేయాల్సి వస్తోంది.

ఆ పని ఏమిటో చెప్పింది మాత్రం ఒక మిల్లీమీటరు పొడవుండే పురుగు. పేరు సీ. ఎలిగాన్స్. 1960లలో కేంబ్రిడ్జ్‌లో సిడ్నీ బ్రెన్నర్ దాన్ని పరిశోధనకు ఎంచుకున్నారు. ఒళ్లంతా పారదర్శకం కాబట్టి ప్రతి కణం పుట్టుకనూ మైక్రోస్కోప్‌లో చూడొచ్చు. జాన్ సల్స్టన్ నెలల తరబడి కూర్చుని చూశారు. ద్విలింగి (ఆడ, మగ రెండూ తానే అయిన) పురుగులో 1,090 శరీర కణాలు పుడితే 131 చస్తాయి. అందులో 105 నాడీవ్యవస్థవే. అంతకంటే వింత, ఏ పురుగులో చూసినా చచ్చేవి అవే కణాలు, అదే సమయానికి. ఇది ప్రమాదం కాదు, రాసిపెట్టిన చావు.

ఎక్కడ రాసి ఉంది? అమెరికాలో ఎంఐటీలో రాబర్ట్ హార్విట్జ్ బృందం జన్యువుల్లో వెతికింది. 1986లో హిలరీ ఎల్లిస్, హార్విట్జ్ ఒక సంగతి చూపించారు: సెడ్-3, సెడ్-4 అనే రెండు జన్యువుల్లో ఏది చెడినా, చావాల్సిన కణాలు బతికిపోతాయి. ఆ జన్యువులు పనిచేసేది పక్క కణాల్లో కాదు, చచ్చే కణంలోనే అని 1990లో తేలింది. హంతకుడి కోసం బయటెక్కడో వెతకనక్కర్లేదన్నమాట.

సెడ్-3ని కత్తి అనుకుంటే, సెడ్-4 దాన్ని ఒరలోంచి దూసే చెయ్యి. సెడ్-9 అనే మరో జన్యువు ఆ చేతిని గట్టిగా పట్టుకుని ఆపుతుంది. సెడ్-9 చెడితే బతకాల్సిన కణాలూ పోతాయి. 1998లో దొరికిన ఈజీఎల్-1 అనే జన్యువు వచ్చి ఆ పట్టు విడిపిస్తుంది. మనిషి కణాల్లోనూ ఇదే కుటుంబం ఉంది. సెడ్-9కి బంధువు బీసీఎల్-2. క్యాన్సర్ పరిశోధకులకు అది ముందే తెలుసు. 1992లో మనిషి బీసీఎల్-2ని పురుగులో పెడితే, పురుగు కణాల చావును కూడా అడ్డుకుంది. 2002లో బ్రెన్నర్, హార్విట్జ్, సల్స్టన్‌లకు నోబెల్ ఇచ్చారు.

సెడ్-3 లేని పురుగు, చావాల్సిన కణాలన్నీ ఒంట్లో ఉంచుకుని కూడా దాదాపు మామూలుగానే బతుకుతుంది. సెడ్-3కి బంధువైన క్యాస్పేస్-3 జన్యువును 1996లో ఎలుకల్లో తీసేస్తే మాత్రం మెదడు కణాలతో కిక్కిరిసిపోయింది, పిల్లలు కొన్ని వారాల్లోనే చనిపోయాయి. అయితే మరో వంశం ఎలుకల్లో అదే జన్యువును తీసేసినప్పుడు మెదడు దాదాపు మామూలుగానే పెరిగింది.