ఫ్యాన్స్ పోస్ట్ చేస్తే తప్పేంటి? పాటల హక్కుల డెస్క్ నుంచి కొన్ని అపోహలు, వాస్తవాలు

ఆడియో కంపెనీలో హక్కుల విభాగం అంటే రోజంతా జనాల వీడియోలు పీకేస్తూ కూర్చుంటామని బయటివాళ్లు అనుకుంటారు. మా పనిలో సగం చదవడమే. క్లెయిమ్, అంటే "ఈ పాట హక్కు మాది" అని వీడియో మీద వేసే గుర్తు, పడ్డవాళ్లు పంపే అభ్యంతరాలన్నీ చదవాలి. వాటిలో పైరసీ సైట్ల వాళ్లు రాసేవి దాదాపు ఉండవు, అన్నీ అభిమానులవే. "అన్నా, నేను అన్నయ్యకి డై హార్డ్ ఫ్యాన్‌ని, ప్రేమతో పెట్టాను, వదిలెయ్యండి" అంటారు. చదివితే కోపం రాదు. కానీ తిప్పి తిప్పి అవే నమ్మకాలు కనిపిస్తుంటాయి కాబట్టి ఒకచోట రాసి పెడుతున్నాను.

అపోహ: నేను పైసా సంపాదించట్లేదు, కాబట్టి తప్పు కాదు.

1957 నాటి కాపీరైట్ చట్టం మీరు లాభపడ్డారా లేదా అని చూసేది శిక్ష దగ్గరే గానీ తప్పు దగ్గర కాదు. 63వ సెక్షన్ కింద కనీస శిక్ష ఆరు నెలల జైలు, 50,000 రూపాయల జరిమానా. వ్యాపార లాభం కోసం చేయని కేసుల్లో మాత్రం కారణాలు రాసి కోర్టు అంతకంటే తగ్గించవచ్చు.

చట్టం సంగతి అలా ఉంచండి. డబ్బు మీకు రాకపోవడం ఒకటి, రావాల్సినవాళ్లకి రాకపోవడం ఇంకొకటి. 2012 సవరణకి ముందు చాలామంది పాటల రచయితలు ఒకేసారి కొంత మొత్తం తీసుకుని అన్నీ రాసిచ్చేసేవారు. ఆ సవరణ తర్వాత, థియేటర్లో సినిమాతో పాటు ఆడినప్పుడు తప్ప, మిగతా చోట్ల తన పాటకొచ్చే రాయల్టీలో వాటాని రచయిత గానీ సంగీత దర్శకుడు గానీ వదులుకున్నా చెల్లదు. అయితే ఎక్కడ ఎంత వినబడిందో లెక్క తేలితేనే ఆ వాటా అందేది. అందుకే మా దృష్టిలో యూట్యూబ్‌లో ఎవరో అభిమాని ఎక్కించిన పాట పెద్ద సమస్యే కాదు. సిస్టమ్ గుర్తుపడుతుంది, క్లెయిమ్ పడుతుంది, యాడ్స్ డబ్బు హక్కుదారుకి మళ్లుతుంది, వీడియో అక్కడే ఉంటుంది. టెలిగ్రామ్ గ్రూపులో ఆల్బమ్ మొత్తం జిప్ చేసి "320 కేబీపీఎస్, ఎంజాయ్ బ్రదర్స్" అని పెడతారే, అసలు నష్టం అక్కడ. అది ఎన్ని వేల ఫోన్లలోకి వెళ్లినా ఏ లెక్కలోకీ రాదు.

ఇక్కడే ఇంకో మాట. క్లెయిమ్ వేరు, స్ట్రైక్ వేరు. క్లెయిమ్ పడిందని టెన్షన్ పడి ఛానల్ డిలీట్ చేసుకున్నవాళ్లున్నారు. ఛానల్‌కి ముప్పు తెచ్చేది స్ట్రైక్, అంటే హక్కుదారు ఫిర్యాదుతో వీడియో తీసేసి ఛానల్‌కి వేసే హెచ్చరిక, అది కూడా 90 రోజుల్లో మూడు పడితే.

అపోహ: 30 సెకన్ల లోపు వాడుకుంటే ఫ్రీ.

అలాంటి అంకె మన చట్టంలో ఎక్కడా లేదు. 52వ సెక్షన్‌లో ఉన్నది వేరే: సొంత వాడకం, విమర్శ, సమీక్ష, వార్త. రెండో చరణంలో వయొలిన్లు ఎలా ఎక్కాయో చెప్పడానికి ఆ ముక్క మూడుసార్లు వినిపించినవాడికి అండ దొరుకుతుంది. పల్లవులన్నీ పది సెకన్ల చొప్పున అతికించి "టాప్ 50" అన్నవాడికి దొరకదు.

అపోహ: "క్రెడిట్స్ టు ఓనర్" అని రాస్తే సరిపోతుంది.

పేరు వేయడం మర్యాదే, మంచి అలవాటే. కానీ అది అనుమతి కాదు. ఆ లైను చూసినప్పుడల్లా నాకు తోచేది ఒక్కటే: ఓనరు వేరే ఉన్నారని తెలిసే పెట్టారన్నమాట.

దీనికంటే మొండి బాపతు ఉంది. సిస్టమ్ గుర్తుపట్టకుండా పాట శ్రుతి కాస్త పెంచి, బొమ్మని ఎడమ నుంచి కుడికి తిప్పేస్తారు. టైటిల్స్‌లో తెలుగు అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటాయి, గాయకుడి గొంతు చిన్నపిల్లాడి గొంతులా మారిపోతుంది. కింద "మా దేవుడి పాట" అని క్యాప్షన్. దేవుడి గొంతుని అలా చేయడానికి మనసెలా వచ్చిందో!

అపోహ: మన హీరో సినిమాయేగా, ఎంట్రీ సీన్ స్టేటస్‌లో పెడితే పబ్లిసిటీనే.

2023లో సినిమాటోగ్రఫీ చట్టాన్ని సవరించాక ఇది మునుపటిలా లేదు. కాపీ తీసే ఉద్దేశంతో థియేటర్లో రికార్డ్ చేయడమే నేరం. సినిమా మొత్తం కానక్కర్లేదు, అందులో కొంత భాగమైనా చాలు. మూడు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు. జరిమానా మూడు లక్షల దగ్గర మొదలై, నిర్మాణ వ్యయంలో 5 శాతం దాకా పోవచ్చు. బెనిఫిట్ షోలో ఫోన్ పైకెత్తినవాడి మీద ఇంత పెద్ద కేసు పెట్టాలని నేను అనను. కానీ పబ్లిసిటీ అన్న మాట మాత్రం ఒప్పుకోను. పబ్లిసిటీకి ఏ షాట్ వదలాలో, ఏది దాచాలో తీసినవాళ్లు నెలల ముందే అనుకుని ఉంటారు. ఇంటర్వెల్ ట్విస్ట్ పొద్దున ఎనిమిదింటికల్లా అందరి ఫోన్లలో తిరిగితే ఫస్ట్ షోకి వచ్చేవాడికి మిగిలేదేంటి?

2013 సెప్టెంబరులో "అత్తారింటికి దారేది" విడుదల కాకముందే దాదాపు సగం సినిమా నెట్‌లోకి వచ్చేసింది. కృష్ణా జిల్లా పెడనలో సీడీలే అమ్మారు. అక్టోబరులో రావాల్సిన సినిమాని హడావిడిగా సెప్టెంబరు 27కే విడుదల చేయాల్సి వచ్చింది. సినిమా పెద్ద హిట్టయింది కాబట్టి "చూశారా, లీకైనా ఏమీ కాలేదు" అని ఇప్పటికీ వాదిస్తారు. చిన్న సినిమాకి అలా జరిగితే ఆ మాట అనడానికి నిర్మాత మిగలడు. ఇలాంటి లీకుల్లో నేను గమనించింది ఇంకోటి: "ఎంత అన్యాయం చేశారో చూడండి" అని తిడుతూనే లింక్ పంచేది అభిమానులే. తిట్టండి, లింక్ తీసేసి తిట్టండి.

థియేటర్ సందడి పంచుకోవాలనుకుంటే కెమెరా వెనక్కి తిప్పండి. కాగితాలు ఎగురుతుంటాయి, సీట్ల మీదెక్కి అరుస్తుంటారు. వెనకాల పాట వినబడితే క్లెయిమ్ పడొచ్చు గానీ, అలాంటివి తీయించడానికి నాకు ఎప్పుడూ చెయ్యి రాదు.

అపోహ: పెళ్లిలో పాటలకి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

సగం నిజం. పెళ్లిలో, ఊరేగింపులో పాటలు వేయడానికి చట్టం మినహాయింపు ఇచ్చింది, 2023లో కేంద్రం ఆ సంగతి మళ్లీ స్పష్టం చేసింది. ఆ మినహాయింపు మండపం వరకే. వీడియోగ్రాఫర్ అదే పాట మీద ప్రీ వెడ్డింగ్ షూట్ ఎడిట్ చేసి తన పేజీలో పెట్టుకుంటే అది వేరే లెక్క.

అపోహ: పాత పాటలకి హక్కులేముంటాయి?

దీని మీద మా ఆఫీసులోనే వాదనలు జరుగుతాయి. మన దేశంలో సినిమాకీ రికార్డుకీ హక్కు, విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. "మాయాబజార్" 1957లో వచ్చింది కాబట్టి ఆ సినిమా హక్కు 2017తో ముగిసింది. కానీ సాహిత్యం, బాణీల లెక్క వేరే: కర్త పోయాక 60 ఏళ్లు. ఆ సినిమాకి పాటలు రాసిన పింగళి నాగేంద్రరావు 1971లో పోయారు, ఆయన రాసినదానికి 2031 చివరి దాకా రక్షణ ఉంది. 2010లో వచ్చిన రంగుల ప్రింట్ తెచ్చి "పాత సినిమాయేగా" అంటే అదీ కుదరదు.

ఇంత చెప్పాక ఒక నిజం ఒప్పుకోవాలి. రేడియోలో వచ్చిన లలిత గీతాలు, భక్తిరంజని క్యాసెట్లలో పట్టి దాచిందీ, పాతకాలపు 78 ఆర్‌పీఎమ్ గ్రామఫోన్ రికార్డులు తుడిచి డిజిటల్ చేసిందీ ఎక్కువగా అభిమానులే. మాస్టర్ టేపు ఎక్కడుందో హక్కుదారుకే తెలియని పాటలున్నాయి. ఎక్కడా కొనడానికి దొరకని పాటని, ఏ రికార్డు, ఏ ఏడాది, ఎవరు పాడారు అని వివరాలతో పెట్టినవాళ్ల మీద చర్య తీసుకోమంటే నేను ఫైలు పక్కన పెడతాను. చట్టం ప్రకారం అదీ తప్పే కావచ్చు. శుక్రవారం విడుదలైన ఆల్బమ్‌ని శనివారం జిప్ చేసి పంచడానికీ దీనికీ మధ్య తేడా చూడలేకపోతే ఈ కుర్చీలో నేనెందుకు?

మా వైపు అపోహ ఒకటి: క్లెయిమ్ పడిందంటే అవతలివాడిదే తప్పు.

కాదు. త్యాగరాజు 1847లో పోయారు, ఆయన కీర్తన ఎవరి సొత్తూ కాదు. అయినా ఒక అమ్మాయి ఇంట్లో తంబూరా పెట్టుకుని పాడి పెడితే, ఏదో కంపెనీ రికార్డింగుతో సరిపోలిందని మెషీన్ క్లెయిమ్ వేసేస్తుంది. అలాంటప్పుడు ఊరుకోకండి. డిస్ప్యూట్ బటన్ నొక్కి "కృతి త్యాగరాజస్వామిది, పాడింది నేనే, వాద్యం మాదే" అని మూడు ముక్కలు రాయండి. బతిమాలక్కర్లేదు. క్లెయిమ్ వేసినవాళ్లు 30 రోజుల్లో జవాబివ్వకపోతే అది దానంతటదే పోతుంది. జవాబిచ్చి కాదంటే అప్పీలుకి వెళ్లండి. అక్కడి నుంచి మెషీన్‌ని నమ్ముకుని ఊరుకుంటే మాకు కుదరదు, ఆ రికార్డింగు ఎవరో ఒకరం కూర్చుని వినాల్సిందే.