మరక ఒకచోట, చిల్లు ఒకచోట

కొత్తపట్నం నుంచి ఒక పాఠకుడు అడిగారు: "మా నాన్నగారి అంబాసిడర్ ఏళ్ల తరబడి షెడ్డులోనే ఉండిపోయింది. బాగా తుప్పు పట్టింది. ఇంటి దగ్గరే నెమ్మదిగా బాగు చేసుకోవాలని ఉంది. తుప్పు ఆగాలంటే ఏ పెయింట్ మంచిది?"

పెయింట్ సంగతి చివర్లో చూద్దాం. ముందు ఆ తుప్పు రేకును ఎక్కడ తింటోందో తెలియాలి. ఎర్రగా కనిపించే చోటే ఇనుము పోతోందని అనుకుంటాం. చాలాసార్లు అది నిజం కాదు. రసాయనశాస్త్రంలో నాకు ఇంతకంటే ఇష్టమైన సంగతి లేదు. కాబట్టి ఇంజిన్, బ్రేకులు, వైరింగ్ మెకానిక్కుకి వదిలేసి రేకు గురించే రాస్తాను.

బడిలో మూడు పరీక్షనాళికలు, మూడు మేకుల ప్రయోగం చేయిస్తారు. నీళ్లూ గాలీ ఉన్న నాళికలో మేకు తుప్పు పడుతుంది. మరిగించిన నీళ్ల మీద నూనె పోసిన దాంట్లో పట్టదు, పొడి గాలి ఉన్న దాంట్లోనూ పట్టదు. నీరు, ఆక్సిజన్ రెండూ కావాలని తేలుతుంది. పాఠం అక్కడితో ఆగిపోవడం నాకు బాధగా ఉంటుంది. 'ఆక్సిజన్ ఎక్కువ తగిలే చోట ఇనుము ఎక్కువ పోతుంది' అనే అభిప్రాయంతో పిల్లలు బయటికొస్తారు. ఒకే రేకు మీద జరిగేది దానికి తలకిందులు.

దీన్ని కళ్లకు కట్టినట్టు చూపించింది కేంబ్రిడ్జి శాస్త్రవేత్త యూలిక్ ఎవాన్స్, 1920లలో. ప్రయోగం చాలా చిన్నది. శుభ్రంగా రుద్దిన ఇనుప రేకు మీద ఒక్క ఉప్పునీటి చుక్క వేయాలి, అంతే. చుక్క అంచుల్లో నీటి పొర పలచన, గాలిలోని ఆక్సిజన్ అక్కడ సులువుగా రేకును చేరుతుంది. నడిమధ్య నీరు మందం. అక్కడున్న ఆక్సిజన్ అయిపోతే కొత్తది రావడం ఆలస్యం. దాంతో ఆ కాస్త రేకే ఒక బ్యాటరీ అయిపోతుంది. మధ్యభాగం ఆనోడ్. అక్కడ ఇనుము పరమాణువు రెండు ఎలక్ట్రాన్లను వదిలేసి అయానుగా నీళ్లలోకి దిగిపోతుంది. ఆ ఎలక్ట్రాన్లు రేకులోంచే అంచుకు చేరతాయి. అంచు కాథోడ్. అక్కడ ఆక్సిజన్, నీరు కలిసి వాటిని అందుకుని హైడ్రాక్సైడ్ అయాన్లుగా మారతాయి. చుక్కలో హైడ్రాక్సైడ్‌ను పట్టిచూపే ఫినాఫ్తలీన్ కాస్త కలిపితే అంచు గులాబీ రంగుకు తిరుగుతుంది, ఇనుము అయాన్లను పట్టిచూపే పొటాషియం ఫెర్రిసయనైడ్ కలిపితే మధ్యభాగం నీలమవుతుంది. మరి తుప్పు? ఇటునుంచి ఇనుము అయాన్లు, అటునుంచి హైడ్రాక్సైడ్, ఆక్సిజన్ ఎదురుపడే చోట గోధుమరంగు వలయంలా పేరుకుంటుంది. తుడిచి చూడండి. వలయం కింద రేకు దాదాపు బాగానే ఉంటుంది. గుంట పడేది మధ్యలో, ఆక్సిజన్ అందని చోట.

ఇప్పుడు కారు దగ్గరికి రండి. చక్రం పైన మడ్‌గార్డు మలుపులో ఎండిపోయిన బురద, ఫ్లోర్ మీద రబ్బరు మ్యాట్, అద్దం చుట్టూ బీడింగ్, రెండు రేకులు ఒకదానిమీదొకటి అతికిన అంచు, పాత లప్పం కింద సందు. తడి నిలిచి గాలి ఆడని చోటల్లా చుక్క నడిమధ్యే. బురదకు పక్కనున్న రేకు కాథోడ్ పని చేస్తుంది, బురద కిందున్న రేకు కరుగుతుంది. ఇందులో ఇంకో దెబ్బ కూడా ఉంది. కాథోడ్ విశాలంగా, ఆనోడ్ ఇరుకుగా ఉంటే కరెంటంతా ఆ ఇరుకు చోటునుంచే రావాలి. చెరువు నీళ్లన్నీ ఒక్క తూములోంచే పోతే ఆ తూము ముందు నేల కోసుకుపోయినట్టు. లెక్క చూడండి. చదరపు సెంటీమీటరుకు 10 మైక్రోఆంపియర్ల కరెంటు ఆగకుండా పారితే ఏడాదికి సుమారు 0.12 మిల్లీమీటర్ల ఇనుము పోతుంది. 0.8 మిల్లీమీటర్ల రేకు ఏడేళ్లు తట్టుకుంటుంది. చుట్టూ పది రెట్ల విశాలమైన కాథోడ్ ఉంటే అదే రేకుకి ఎనిమిది నెలల్లో చిల్లు. పెయింట్ మీద చిన్న బొబ్బ గోటితో గీకితే కింద వేలు దూరే చిల్లు కనిపించడానికి కారణం ఇదే.

మన తీరంలో దీనికి ఉప్పు తోడవుతుంది. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడ్ ఉంటుంది. గాలిలో తేమ 33 శాతం దాటితే చాలు, అది నీటిని పీల్చుకుని ద్రవమైపోతుంది. ఇస్కపల్లి కల్లుప్పు జాడీలో చెమ్మగిల్లేది అందుకే. మైపాడులోనో కొత్తపట్నంలోనో నీడలో పెట్టిన కారు మీద ఆ ఉప్పు పొర ఏడాదిలో ఎక్కువ రోజులు తడిగానే ఉంటుంది. సముద్రానికి దూరంగా ఉన్న మార్కాపురం వైపు కార్లకు ఈ బాధ లేదు. పైగా ఉప్పులోని క్లోరైడ్ ఖర్చయ్యేది కాదు. గుంటలోని ఇనుము అయాన్లు దాన్ని లోపలికి లాక్కుంటాయి, అక్కడ హైడ్రోక్లోరిక్ ఆమ్లం తయారై గుంట ఇంకా లోతవుతుంది. క్లోరైడ్ మాత్రం అక్కడే ఉండి మళ్లీ అదే పని చేస్తుంది. ఉప్పును కడిగేయకుండా మీద ఎంత ఖరీదైన పెయింట్ వేసినా డబ్బు దండగ.

తుప్పు పట్టిన ఇనుము ఇంట్లో ఉంటే శని అంటారు, ఆ భయంతో మంచి బండిని పాత ఇనుము కింద ఇచ్చేయకండి. ఇందులో గ్రహాల పాత్ర ఏమీ లేదు. ఉన్నది ఒక బ్యాటరీ, దాన్ని ఆపడం మన చేతిలో ఉంది.

మొదటి పని కడగడం. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే వద్దు, మంచినీళ్లు వాడండి. మ్యాట్లు, బీడింగులు, బురద అన్నీ తీసేసి, సందుల్లోకి పైపు పెట్టి, ఒకసారి కాదు నాలుగైదుసార్లు కడిగి ఆరబెట్టండి. తర్వాత స్క్రూడ్రైవర్ పిడితో రేకంతా తట్టుకుంటూ రండి. గట్టి రేకు ఖంగుమంటుంది, తినేసిన రేకు చప్పబడిపోతుంది. అలాంటి చోట మొనతో పొడవండి. దిగబడితే కోసి కొత్త రేకు వెల్డింగ్ చేయించాల్సిందే. బండి బరువు మోసే అడుగు భాగాల్లో, స్ప్రింగులు బిగించే చోట అలా దిగబడితే ఆ పని అనుభవమున్నవాళ్లకే ఇవ్వండి. ఉత్త జాకీ మీద నిలిపిన కారు కిందకు ఎప్పుడూ దూరకండి.

విడదీయగలిగిన బ్రాకెట్లు, తాళాలు, కబ్జాలకు ఈ తుప్పు బ్యాటరీనే తిరగేసి, కరెంటును ఎదురు నడిపించొచ్చు. ప్లాస్టిక్ బకెట్ నీళ్లలో లీటరుకు ఒక చెంచా చాకలి సోడా కలిపి, 12 వోల్టుల ఛార్జర్ నెగెటివ్ వైరు తుప్పు పట్టిన భాగానికి, పాజిటివ్ వైరు పాత ఇనుప కమ్మీకి తగిలించండి. రెండూ ఒకదానికొకటి తగలకూడదు. తుప్పు మాగ్నటైట్ అనే నల్లని ఇనుము ఆక్సైడ్‌గా మారి బ్రష్‌తో రాలిపోతుంది, క్లోరైడ్ కూడా వదిలిపోతుంది. సముద్రంలోంచి తీసిన ఫిరంగులను మ్యూజియంలు ఇలాంటి క్షార జలంలోనే నెలల తరబడి ఉంచుతాయి. పోయిన ఇనుము మాత్రం తిరిగి రాదు. హైడ్రోజన్ వస్తుంది కాబట్టి ఆరుబయట చేయండి, దగ్గర్లో మంట ఉండకూడదు. స్టెయిన్‌లెస్ స్టీలు కమ్మీ వద్దు, విషపూరిత క్రోమియం వస్తుంది. సోడాకు బదులు ఉప్పు వేయకండి, క్లోరిన్ వస్తుంది. స్ప్రింగులను ఇందులో ముంచొద్దు, హైడ్రోజన్ చేరి పెళుసెక్కుతాయి.

విడదీయలేని రేకుకు వైర్ బ్రష్, ఎమెరీ పేపర్. గుంటల్లో మిగిలిన పలచటి తుప్పుకు రస్ట్ కన్వర్టర్. కొన్నిటిలో ఉండేది టానిన్ అనే వగరు పదార్థం, అది తుప్పుతో కలిసి నల్లటి గట్టి పొరవుతుంది. శ్రీకాళహస్తి కలంకారీలో నలుపు పుట్టేదీ ఈ చర్యతోనే: కరక్కాయలోని టానిన్, బెల్లం నీళ్లలో నానబెట్టిన తుప్పు ఇనుము. పొరలు పొరలుగా ఊడే తుప్పు మీద మాత్రం ఇది పనిచేయదు.

ఇక పెయింట్. శుభ్రమైన, పొడి రేకు మీద ముందు ఎపాక్సీ ప్రైమర్. మామూలు బూడిదరంగు ప్రైమర్ సర్ఫేసర్‌కి నీటిని పీల్చే గుణం ఉంది, దాన్నొక్కటే వేసి కార్తీక మాసపు వానల్లో వదిలేస్తే కథ మొదటికొస్తుంది. లప్పం ప్రైమర్ మీదే, ఎంత పలచగా వీలైతే అంత. తలుపుల లోపలి బోలు భాగాల్లోకి పెయింట్ చేరదు, అక్కడ క్యావిటీ వ్యాక్స్ (బోలు భాగాల్లో కొట్టే మైనం) కొట్టండి. అది కొట్టేముందు తలుపు అడుగున నీళ్లు కారే రంధ్రాలను పుల్లతో పొడిచి చూడండి. పాత రిపేర్లలో వాటిని లప్పంతో మూసేసి ఉంటారు.