కొండపల్లి గుట్టల అడవి: అపోహలు – వాస్తవాలు

ఎండలు ముదిరేకొద్దీ విజయవాడ చుట్టుపక్కల అడవి గురించి మాటలు పెరిగాయి. మంచిదే. కానీ తరచూ వినిపించే కొన్ని మాటలు అడవికి చేటు చేస్తాయి.

అపోహ: ఎన్ని మొక్కలు నాటితే అడవి అంత గట్టిపడుతుంది.

వాస్తవం: కొండపల్లి, కొండవీడు గుట్టలవి ఆకురాల్చే అడవులు. నరికినా, కాలినా పాత వేరు చాలాచోట్ల బతికే ఉంటుంది. ఆ వేరుకున్న లోతు నర్సరీ సంచిలో పెరిగిన మొక్కకు ఎక్కడిది? అందుకే ముందు చిగురించే మోళ్లను లెక్కపెట్టండి. ఒక్కో మోడుకు పదేసి పిలకలు లేస్తాయి. అన్నీ ఉంచితే చివరికి అన్నీ పుల్లలే. నేలకు దగ్గరగా పుట్టిన బలమైనవి ఒకటో రెండో ఉంచి తక్కినవి కోసేయాలి. మోడు పై అంచున మొలిచిన పిలక లావెక్కాక గాలికి ఊడిపోతుంది, దాన్ని నమ్మకండి.

ఖాళీ ఉన్నచోటే నాటండి. అడుగున్నర గుంత వేసవిలోనే తీసి, నేల బాగా తడిశాక మొక్క పెట్టాలి. సంచి అడుగున చుట్టుకున్న వేళ్లను కత్తిరించకపోతే అవే తర్వాత మొక్కకు ఉరి అవుతాయి. కొండపల్లి బొమ్మలు చెక్కే తెల్లపొణికి చెట్టు సంగతి వేరు. గింజ పెంకు గట్టిది, మొలక తక్కువ. నిలబడి ఉన్న ముదురు చెట్టే దానికి విత్తనాల బ్యాంకు.

అపోహ: వేసవిలో మోడుబారితే చెట్టు చచ్చినట్టే.

వాస్తవం: అది నీటి పొదుపు. గోటితో బెరడు గీకండి, కింద పచ్చగా ఉంటే బతికే ఉంది.

అపోహ: నిప్పు పెడితే గడ్డి బాగా వస్తుంది.

వాస్తవం: వస్తుంది, చిక్కంతా అదే. లేత మొక్కలు మాడిపోయి గడ్డి మిగులుతుంది, మరుసటి ఏడు మంటకు అదే మేత. మంట దాటకుండా అడవిలో ఖాళీగా ఉంచే బాటలను, అంటే అగ్నిరేఖలను, జనవరిలో ఒకసారి ఊడ్చి వదిలేస్తే ఫిబ్రవరి, మార్చిలో రాలిన ఆకు మళ్లీ పరుచుకుంటుంది. ఆకు రాలినన్నాళ్లూ ఊడవాల్సిందే. ఊడ్చిన చెత్తను అంచున కుప్ప పోశారా, మీరే వత్తి పెట్టినట్టు.

అపోహ: సర్కారు తుమ్మ అయినా పచ్చదనమే కదా!

వాస్తవం: ఉపగ్రహ పటానికి పచ్చదనమే. హెక్టారు నేలలో పది శాతం చెట్టు నీడ ఉంటే ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా దాన్ని అటవీ విస్తీర్ణంలో కలుపుతుంది, జామాయిల్ తోటయినా సరే. తుమ్మను నేలమట్టంగా నరికితే ఒకటికి పది లేస్తాయి. చిగురు మొగ్గలు నేల లోపల ఉంటాయి కాబట్టి అడుగు లోతు తవ్వి వేరు కోయాలి. కాయ రాలకముందే చేయాలి. పశువులు కాయ తిని, పేడతో గింజను ఊరంతా చల్లుతాయి.

అపోహ: కొండల మీద అడవి దట్టంగా ఉంటే 2024లో బుడమేరు వాగు విజయవాడను ముంచేది కాదు.

వాస్తవం: లెక్క చూడండి. 50 మిల్లీమీటర్ల వాన హెక్టారులో 5 లక్షల లీటర్లు. వాన నీటిని ఆపడానికి కొండ వాలున కందకాలు తవ్వుతారు. మూడు మీటర్ల పొడవు, అర మీటరు వెడల్పు, అర మీటరు లోతున్న కందకంలో పట్టేది 750 లీటర్లు. హెక్టారుకు వంద తవ్వినా 75 వేలే. తక్కినది మట్టి పీల్చుకోవాలి, నానిపోయిన మట్టి పీల్చదు. మామూలు వానల్లో నీరు నెమ్మదించడం, మట్టి వాగులోకి దిగకుండా ఆగడం అడవి చేసే మేలు. కందకం వాలుకు అడ్డంగా, సమమట్టంలో ఉండాలి. మేస్త్రీల నీళ్ల గొట్టంతో మట్టం చూసుకోండి. ఒక కొస పల్లమైతే నీరంతా అక్కడికే చేరి, గట్టు తెంచి, కొత్త వాగు తీస్తుంది. పూడిక ఏటా తొలకరికి ముందే తీయాలి, తీసిన మట్టిని పల్లం వైపు గట్టు మీదే వేయాలి. ఎగువన పోస్తే మొదటి వానకే మళ్లీ కందకంలోకి వస్తుంది.